బాధకి కారణాలన్నీ తెలుసు, బాధే తెలియట్లేదు. ఏం చేయాలి?

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. ఎనిమిది నెలల క్రితం నాన్నగారు పోయారు. ఆసుపత్రి బిల్లుల దగ్గర్నుంచి పెద్ద కర్మ దాకా, ఆ తర్వాత డెత్ సర్టిఫికెట్, ఎల్ఐసీ క్లెయిమ్, అమ్మగారి పెన్షన్ దాకా అన్నీ మీరే దగ్గరుండి చూసుకున్నారు. ఇంతవరకూ ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకుందామని సైకాలజీ పుస్తకాలు చదివారు, వీడియోలు చూశారు. ఇప్పుడు మీ మీద మీరే క్లాసు చెప్పగలరు. అయినా నిద్ర సరిగ్గా లేదు, చిన్నచిన్నవాటికే చిరాకు. "మీతో మాట్లాడుతుంటే కస్టమర్ కేర్‌తో మాట్లాడినట్టుంది" అని మీ ఆవిడ అంటున్నారు. లాజికల్‌గా ఆలోచించడం తప్పా, మానేయాలా అన్నది మీ ప్రశ్న.

మానేయక్కర్లేదు. వరస మార్చాలి, అంతే. ఫీలింగ్ ఇంకా గడప దాటకముందే మీరు దానికి వివరణ చేతిలో పెట్టి వెనక్కి పంపేస్తున్నారు. ముందు ఒళ్లు, తర్వాత పేరు, ఆ తర్వాతే కారణం. ఈ వరసలో రోజుకి 12 నిమిషాల చొప్పున రెండు వారాలు చేసి చూడండి. ఎలా చేయాలో కింద వివరంగా రాశాను. ఇంకో మాట: ఏడుపు రాకపోవడం అన్నది దానంతటది జబ్బు కాదు. దాని సంగతి కూడా చెప్తాను.

ముందు మీ ప్రశ్నలోని ఒక వాక్యం చూద్దాం. "షాక్ వల్ల నా బ్రెయిన్ ఎమోషన్స్‌ని బ్లాక్ చేసి ఉంటుంది, మా ఇంట్లో మగాళ్లు ఏడవకూడదు అనే కండిషనింగ్ ఉంది కాబట్టి నాది అవాయిడెంట్ అటాచ్‌మెంట్, అందుకే ఆ రోజుల్లో నన్ను ఎవరూ పట్టించుకోలేదని ఫీలవుతున్నాను." (అవాయిడెంట్ అటాచ్‌మెంట్ అంటే దగ్గరివాళ్లతో కూడా మనసుని ఎడంగా ఉంచుకునే తీరు.) పెన్సిల్ తీసుకుని దీని కింద గీతలు పెట్టండి. బ్రెయిన్ ఉంది, కండిషనింగ్ ఉంది, అటాచ్‌మెంట్ ఉంది. బాధ, దిగులు, కోపం, భయం... వీటిలో ఒక్కటీ లేదు. చివర "ఫీలవుతున్నాను" అని ఉంది కదా అంటారేమో. దాని ముందున్నది ఫీలింగ్ కాదు. "నన్ను ఎవరూ పట్టించుకోలేదు" అన్నది ఒక తీర్పు. నిజమే కావచ్చు, కానీ తీర్పే.

ఇక్కడ తెలుగు మనకి పెద్ద సాయం చేస్తుంది. మన భాషలో ఫీలింగ్ అనేది మనం చేసే పని కాదు, మనకి వచ్చేది. కోపం వస్తుంది, భయం వేస్తుంది, సిగ్గేస్తుంది, దిగులుగా ఉంటుంది. "నేను" కాదు, "నాకు". అందుకని ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు: వాక్యంలో "అని" దూరిందంటే చాలావరకు అది ఆలోచన. "మోసపోయానని ఫీలయ్యాను", "అన్యాయం జరిగిందనిపించింది", "నేను చేతకానివాడినని అనిపిస్తోంది" — మూడూ ఆలోచనలే. "అని" తీసేసి, వాక్యాన్ని "నాకు ... వచ్చింది", "నాకు ... వేసింది", "నాకు ...గా ఉంది" అన్న మూసలో పోయండి. "ఎవరూ పట్టించుకోనప్పుడు నాకు ఉక్రోషం వచ్చింది." ఇప్పుడు దొరికింది. మినహాయింపు ఒకటే: "ఏడవాలని ఉంది", "లేచి వెళ్లిపోవాలని ఉంది" లాంటివి. అవి ఒంట్లోంచి వచ్చే తోపుళ్లు. వాటిని ఉంచుకోండి, పనికొస్తాయి.

మీరు చేస్తున్నదానికి పేరుంది

ఇంటెలెక్చువలైజేషన్ అంటారు, అంటే ఫీలింగ్‌ని తాకకుండా దాని గురించి ఆలోచిస్తూ ఉండిపోవడం. సైకోఎనలిస్టు అన్నా ఫ్రాయిడ్ 1936లో దీన్ని ముఖ్యంగా కౌమారంలో ఉన్న పిల్లల్లో చూసి వర్ణించారు: లోపల అలజడి రేగిన కొద్దీ బయట తత్వచర్చలు ఎక్కువవుతాయి. దీని పక్కింటిది రేషనలైజేషన్. ఆ మాటని ఎర్నెస్ట్ జోన్స్ 1908లో వాడుకలోకి తెచ్చారు. అది చేసిన పనికి తర్వాత సాకు వెతుక్కోవడం, అందని ద్రాక్షపళ్లు పుల్లన అన్న బాపతు. మీది అది కాదు. మీరు చెప్పే కారణాలు బహుశా నిజమే. నిజమైన కారణాలతో కూడా తప్పించుకోవచ్చు. ఇందులో తిరకాసు అక్కడే ఉంది, ఎందుకంటే ఎవరూ మిమ్మల్ని "అబద్ధం" అని పట్టుకోలేరు.

సైకియాట్రిస్టు జార్జ్ వాయంట్ మనసు తనని తాను కాపాడుకోవడానికి వాడే ఇలాంటి రక్షణలని నాలుగు అంతస్తులుగా పెట్టారు. ఇది కింది నుంచి మూడోది, అంటే అంత చెడ్డదేం కాదు. ఐసీయూ బయట డాక్టరు నాలుగు మాటల్లో పరిస్థితి చెప్పి సంతకం అడిగినప్పుడు మీకు పనికొచ్చింది ఇదే. ఆ రోజు అది లేకపోతే ఇంట్లో ఎవరు నిలబడేవారు? చిక్కల్లా ఒకటే: కర్మ అయిపోయింది, బంధువులు వెళ్లిపోయారు, ఇది మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.

(ఒక పిడకల వేట. నాట్యశాస్త్రంలో 33 సంచారీ భావాలు, అంటే వచ్చిపోయే భావాలు చెప్పారు. వాటిలో "వితర్కం" ఒకటి, "అవహిత్థ" ఇంకొకటి. వితర్కం సందేహంలోంచి పుట్టే తర్జనభర్జన. అవహిత్థ అంటే సిగ్గు వల్లో భయం వల్లో లోపలి భావాన్ని కప్పిపుచ్చుకోవడం. తర్కాన్నీ దాచుకోవడాన్నీ కూడా వాళ్లు భావాల జాబితాలోనే వేశారు. "నేను ఫీల్ అవట్లేదు, ఆలోచిస్తున్నాను" అనే మనిషికి ఇది చూపించాలనిపిస్తుంది.)

లాజిక్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చెయ్యదు

సైకాలజిస్టు జేమ్స్ గ్రాస్ 1990ల నుంచి చేసిన ప్రయోగాల్లో తేలింది ఇది. ఫీలింగ్ పూర్తిగా లేవకముందే సందర్భాన్ని వేరేలా చూస్తే ఫీలింగే తగ్గుతుంది. మేనేజరు మెసేజ్‌కి జవాబివ్వలేదు, "కావాలనే" అని ఒళ్లు మండబోతుంటే "మీటింగులో ఉండొచ్చు" అనుకోవడం లాంటిది. కానీ లేచాక మొహం మీద కనపడకుండా అణిచిపెడితే లోపలి బాధ తగ్గదు, ఒంట్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ సమయంలో విన్న మాటలు కూడా సరిగ్గా గుర్తుండవు. "నిన్ననే చెప్పాను కదండీ" అని మీ ఆవిడ అంటున్నప్పుడల్లా మీరు నిజంగానే మర్చిపోయి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. వేరేలా చూడటం అనేది లెక్క తప్పినప్పుడు సరిదిద్దే పని. ఇంటర్వ్యూ భయం, విమానం భయం, "గుండె దడ వచ్చింది, హార్ట్ అటాకేమో" అన్న భయం... వీటిలో అంచనా తప్పుగా ఉంటుంది, లాజిక్ దాన్ని దిద్దుతుంది. తండ్రి పోయిన దుఃఖంలో తప్పిన లెక్క ఏముంది? ఆయన నిజంగానే లేరు. దిద్దడానికి ఏమీ లేని చోట లాజిక్ ఊరుకోదు, దిద్దడానికి ఏదో ఒకటి వెతుక్కుంటుంది. మీ బాల్యం, మీ అటాచ్‌మెంట్, మీ మెదడు, అలా.

ఇంకో తేడా ప్రశ్నలోనే ఉంది. "నాకు ఎందుకిలా అవుతోంది" అన్నది గాల్లో తిరిగే ప్రశ్న, దానికి అంతు లేదు. "ఏం జరిగింది, ఏ క్షణంలో, ఒంట్లో ఎక్కడ" అన్నది నేల మీది ప్రశ్న. మథనపడటం మీద సైకాలజిస్టు ఎడ్వర్డ్ వాట్కిన్స్ చేసిన పనంతా ఈ రెండింటి తేడా చుట్టూనే తిరుగుతుంది. మొదటి రకం దిగులుని సాగదీస్తుంది, రెండోది ఒక కొసకి చేరుస్తుంది. మీరు ఎనిమిది నెలలుగా మొదటి ప్రశ్నలో ఉన్నారు.

ఫీలింగ్స్ లేకపోతే నిర్ణయాలు బాగా తీసుకోవచ్చనుకునేవాళ్లకి న్యూరాలజిస్టు ఆంటోనియో డమాసియో చూసిన ఒక రోగి సంగతి చెప్పాలి. నుదుటి వెనక మెదడు భాగం దెబ్బతింది. తెలివితేటలు చెక్కుచెదరలేదు. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి రెండు తేదీలిచ్చి ఒకటి ఎంచుకోమంటే, దాదాపు అరగంటసేపు రెండింటి లాభనష్టాలు ఏకరువు పెడుతూనే ఉన్నాడు. చివరికి డాక్టరే ఒక తేదీ చెప్తే "సరే" అన్నాడు. ఏది ముఖ్యమో చెప్పేది ఫీలింగే.

12 నిమిషాల పద్ధతి

సాయంత్రం, భోజనానికి ముందు. పడుకునే ముందు వద్దు, నిద్ర ఇంకా చెడుతుంది. గొడవ జరిగిన గంటలోపు వద్దు. కుర్చీలో కూర్చుని పాదాలు నేలకి ఆనించండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి 12 నిమిషాలకి టైమర్. ఒక నోటుపుస్తకం, పెన్ను. ల్యాప్‌టాప్ వద్దే వద్దు. కీబోర్డు మీద చెయ్యి పడగానే మీలో ఉన్న ఆఫీసు మనిషి లేచి కూర్చుంటాడు.

1. దృశ్యం, 1 నిమిషం. "నాన్న మరణం" దృశ్యం కాదు, టాపిక్. దృశ్యంలో ఒక చోటు, ఒక వేళ, కనీసం ఒక వస్తువు ఉండాలి. ఆయన ఫోన్‌లోంచి సిమ్ తీసిన సాయంత్రం. ఆసుపత్రివాళ్లు కవర్లో పెట్టి చేతికిచ్చిన వాచీ, కళ్లజోడు. బ్యాంకులో "సంబంధం" అన్న గడిలో "కుమారుడు" అని రాసిన మధ్యాహ్నం. మొదటి వారం చిన్నవే తీసుకోండి, తలుచుకుంటే కలిగే బాధ 100కి 40 దాటనివి. ఐసీయూతో మొదలుపెట్టకండి.

2. ఒళ్లు, 3 నిమిషాలు. దవడ, గొంతు, ఛాతీ, పొట్ట, భుజాలు, అరచేతులు. ఈ వరసలో ఒక్కోదానికి అరనిమిషం. బరువుగా ఉందా, బిగిసి ఉందా, వేడా, చల్లగానా, వణుకా, ఖాళీగానా? రెండు మూడు మాటలు చాలు: "గొంతు – ఉండ. పొట్ట – తిప్పుతోంది." ఏమీ తెలియకపోతే "దవడ – తెలియట్లేదు" అని రాసి ముందుకెళ్లండి. అదీ సమాధానమే. అన్నిచోట్లా "తెలియట్లేదు" వస్తే మణికట్టు దగ్గర నాడి 30 సెకన్లు లెక్కపెట్టి, రెట్టింపు చేసి రాయండి. ఒంటి మీదికి దృష్టి పోవడమే ఇక్కడ పని.

మీలాంటివాళ్లు సాధారణంగా కన్నీళ్ల కోసం మాత్రమే చూస్తారు. మన లాక్షణికులు (నాట్యం, కావ్యం మీద శాస్త్రాలు రాసినవాళ్లు) మనసు కదిలినప్పుడు ఒంటి మీద కనపడేవాటిని సాత్త్విక భావాలన్నారు, అవి ఎనిమిది. కొయ్యబారిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, మొహం రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. కన్నీరు ఎనిమిదిలో ఒకటి మాత్రమే. జాబితాలో మొదటిది స్తంభం, అంటే కొయ్యబారడం. "నాకు ఏమీ రాలేదు" అని మీరు రాసిన ఆ పన్నెండు రోజులూ మీకు వచ్చింది అదేనేమో చూడండి.

3. పేరు, 2 నిమిషాలు. రెండు మాటలు రాయండి, ఒక్కోదాని పక్కన 0 నుంచి 100లో ఒక అంకె. రెండే. ఒకటి రాస్తే "బాధ" అని రాసి ఊరుకుంటారు. ఐదు రాస్తే మళ్లీ విశ్లేషణ అయిపోతుంది. మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో మెదడు స్కానింగ్‌తో చేసిన ప్రయోగంలో, ఫోటోలోని మొహం మీది భావానికి సరైన పేరు ఎంచుకున్నప్పుడు భయాన్ని పసిగట్టే అమిగ్డలా చురుకు తగ్గింది. అక్కడ వాళ్లు ఎంచుకున్నది ఒక్క మాట. వ్యాసం రాయలేదు.

మాటలకి మనకి కొరత లేదు, కాకపోతే "అప్‌సెట్", "స్ట్రెస్", "ఇరిటేషన్" అనే మూడింటితో ఏళ్లు గడిపేస్తున్నాం. బెంగ వేరు, దిగులు వేరు: బెంగ ఫలానా మనిషి కోసం, దగ్గర లేనందుకు, దిగులుకి చిరునామా ఉండక్కర్లేదు, సాయంత్రం అయ్యేసరికి ఊరికే కమ్ముకుంటుంది. కోపం వేరు, ఉక్రోషం వేరు: కోపంలో ఎదురు తిరిగే బలం ఉంటుంది, ఉక్రోషం ఏమీ చేయలేని కోపం, అందులో కన్నీళ్ల తడి ఉంటుంది. రోషంలో పరువు ఉంది. అలకలో "నన్ను బతిమాలతారు" అన్న ఆశ ఉంది. ఇంకా చిన్నబుచ్చుకోవడం, నామోషీ, వెలితి, ఉడుకుమోత్తనం, బెరుకు, విరక్తి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని నోటుపుస్తకంలో అతికించుకోండి. అమ్మమ్మల మాటలు పనిచేసినంతగా పుస్తకం మాటలు పనిచెయ్యవు. "అవాయిడెంట్" అని రాస్తే ఒంట్లో ఏమీ కదలదు. "బెంగ" అని రాసి చూడండి.

4. ఉండటం, 3 నిమిషాలు. పెన్ను కింద పెట్టండి. ఒంట్లో ఎక్కడ ఎక్కువగా తెలిసిందో అక్కడే దృష్టి. తగ్గించడానికి ప్రయత్నం వద్దు, పెంచడానికీ వద్దు. "ఎందుకంటే..." అని బుర్రలో మొదలవుతుంది. మొదలైన ప్రతిసారీ పేజీ అంచున ఒక గీత గీసి మళ్లీ గొంతు దగ్గరికో పొట్ట దగ్గరికో రండి. మొదటి రోజుల్లో పది పదిహేను గీతలు పడటం మామూలే. ఆ గీతల లెక్కే మీ ప్రోగ్రెస్ రిపోర్టు, వేరేది అక్కర్లేదు. "ఏ ఎమోషన్ అయినా 90 సెకన్లలో పోతుంది" అని రీల్స్‌లో చూసి ఉంటారు. దుఃఖానికి అలాంటి గడువేమీ లేదు. 90 దాటాక పోలేదని కంగారుపడకండి. అంకె ముందు పెరగొచ్చు కూడా.

5. ఇప్పుడు లాజిక్, 3 నిమిషాలు. ఒక్క ప్రశ్న: ఇది ఏం కావాలంటోంది? కోపం, ఉక్రోషం అయితే ఏదో హద్దు దాటారు. భయం అయితే ఏదో ప్రమాదం కనిపిస్తోంది. బాధ, బెంగ అయితే ఏదో పోయింది, పక్కన ఎవరైనా కావాలి. తప్పు చేసిన భావన అయితే సరిదిద్దాల్సింది ఏదో ఉంది, లేదా ఉందని మీరు అనుకుంటున్నారు. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికే మీ లాజిక్ కావాలి. చివర, 24 గంటల్లో పూర్తయ్యే, పది నిమిషాలకి మించని ఒక పని రాయండి.

నింపిన పేజీ ఎలా ఉంటుందో ఒకటి:

దృశ్యం: బ్యాంకు, మధ్యాహ్నం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జిరాక్స్ లేదని వెనక్కి పంపారు.
ఒళ్లు: దవడ బిగుసుకుంది. గొంతు ఉండ. అరచేతులు చెమట. మిగతావి తెలియట్లేదు.
పేరు: ఉక్రోషం 60, బెంగ 35.
గీతలు: 11.
కావాల్సింది: ఇలాంటి పనులకి ఎప్పుడూ నాన్నే వచ్చేవారు. ఆ రోజు అన్నం తిన్నావా అని కూడా ఎవరూ అడగలేదు.
పని: ఈ రాత్రి ఆవిడకి ఈ బ్యాంకు సంగతి చెప్పడం. సలహా అడగకుండా.

టైమర్ మోగగానే ఆపేయండి, వాక్యం సగంలో ఉన్నా సరే. లేచి మొహం కడుక్కుని వంటింట్లోకి వెళ్లి ఏదైనా పని అందుకోండి.

అంకె 80 దాటితే దృశ్యం వదిలేయండి. కళ్లు తెరిచి, గదిలో కనపడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, పాదాలు నేలకి నొక్కండి, చల్లటి నీళ్లు తాగండి. మర్నాడు ఇంకా చిన్న దృశ్యం. వరసగా మూడు రోజులు 80 దాటుతుంటే ఒంటరిగా చేయడం ఆపి ఎవరైనా థెరపిస్టు దగ్గర చేయాలి.

మూడో వారంలో, కావాలంటే, సైకాలజిస్టు జేమ్స్ పెన్నెబేకర్ రాత పద్ధతి కలపండి. 1986లో ఆయన విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు తమకి జరిగిన పెద్ద దెబ్బ గురించి రాయించారు. ఒక గుంపు జరిగింది మాత్రమే రాసింది, ఒక గుంపు ఫీలింగ్స్ మాత్రమే, ఒకటి రెండూ కలిపి. తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది రెండూ కలిపి రాసినవాళ్లలో. మీరు ఇన్నాళ్లూ చేసింది మొదటి గుంపు పని. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కుతుంది, అది గంటో రెండు గంటలో ఉంటుంది. ఆ రోజు సాయంత్రం వేరే పెద్ద పని పెట్టుకోకండి. కాగితాలు చింపేయొచ్చు. ఎవరికీ చూపించక్కర్లేదు.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఎక్సెల్‌లో. నాలుగో రోజుకి షీటు తయారవుతుంది, పదో రోజుకి గ్రాఫు, ఆ తర్వాత నిద్ర గంటలకీ ఉక్రోషానికీ కోరిలేషన్. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అది ఇదే పాత ఇల్లు, కొత్త సున్నం. నోటుపుస్తకంలోనే ఉంచండి, వెనక్కి తిప్పి చదవడం వారానికి ఒక్కసారి.

రెండోది చాట్‌బాట్లు. రాత్రి పదకొండుకి మొదలుపెట్టి "నా ప్యాటర్న్ ఏమిటి" అని గంటన్నర మాట్లాడతారు. అది ఓపిగ్గా ఇంకో వివరణ, ఇంకో వివరణ ఇస్తూనే ఉంటుంది. మీకు తక్కువైంది వివరణలు కాదు. ఈ 14 రోజులూ దాన్ని ఈ విషయానికి వాడొద్దు. అలాగే ట్రిగ్గర్, టాక్సిక్, ట్రామా, అటాచ్‌మెంట్, ప్రాసెస్ చేయడం అన్న మాటలకి కూడా 14 రోజులు సెలవు.

ఏడుపు తెప్పించుకోవాలని చూడటం ఇంకొకటి. పాత ఫోటోలు, విషాద పాటలు పెట్టుకుని కూర్చోవడం పరీక్ష రాస్తున్నట్టుంటుంది. రాకపోతే "నేను మనిషినేనా" అని ఇంకో కేసు నడుస్తుంది. రావడం రాకపోవడం ఈ పద్ధతి లక్ష్యం కాదు.

ఇంట్లో మాట్లాడటం

మీ ఆవిడ ఫిర్యాదు మీ గురించి నాకు ఎక్కువ చెప్పింది, మీ రెండు పేజీల విశ్లేషణ కన్నా. ఆవిడ "ఏమండీ, అత్తయ్యగారు ఇవాళ ఫోన్లో ఏడ్చారు" అంటారు. మీ జవాబు బహుశా "ఐదు దశల్లో డిప్రెషన్ స్టేజ్ అది, కౌన్సెలర్‌ని చూద్దాం" అని ఉంటుంది. (ఆ ఐదు దశలూ ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో రాసింది చావుకి దగ్గరైన రోగుల గురించి, పోగొట్టుకున్నవాళ్లు వరసగా ఎక్కాల్సిన మెట్ల గురించి కాదు.) దాని బదులు "ఏమన్నారు?" అని అడగండి. రెండు నిమిషాలు మధ్యలో మాట్లాడకుండా వినండి. తర్వాత ఒంట్లో ఉన్నది చెప్పండి: "వింటుంటే నాకు గొంతు పట్టేసింది. ఏం చేయాలో తెలియట్లేదు." అక్కడ ఆపేయండి. "ఎందుకంటే" అని పొడిగించొద్దు. పరిష్కారం చెప్పాలని నోరు దురదపెడితే ముందు అడగండి, "ఏదైనా చేద్దామా, ఊరికే విననా?" అని. చాలాసార్లు ఊరికే వినమనే వస్తుంది.

అసలు సమస్య లేకపోవచ్చు, లేదా వేరేది కావచ్చు

జార్జ్ బొనానో బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, జీవిత భాగస్వామిని కోల్పోయిన పెద్దవాళ్లలో సగానికి దగ్గరగా మంది పెద్దగా కుంగకుండానే గడిపారు. అణిచిపెట్టింది తర్వాత ఎప్పుడో బద్దలవుతుందన్న మాట అక్కడ పెద్దగా నిలబడలేదు. కాబట్టి నిద్ర, పని, సంబంధాలు బాగుండి ఏడుపు మాత్రమే రాకపోతే నేను ఏమీ చేయొద్దనేవాణ్ణి. మీ విషయంలో నిద్రా చిరాకూ ఉన్నాయి కాబట్టే ఇంత రాశాను. నాన్నగారి గదిలోకి వెళ్లకుండా తిరగడం, ఆయన పేరు రాగానే మాట మార్చడం, ఆయన బీరువా ఇంకా తెరవకపోవడం కూడా ఉంటే అది నిబ్బరం కాదు, దూరంగా ఉంచుతున్నారన్న మాట.

ఇంటెలెక్చువలైజేషన్ ఉన్నవాడికి మాటలు ఎక్కువ. అలెక్సిథైమియా అని ఇంకొకటి ఉంది, పీటర్ సిఫ్నియోస్ 1970ల మొదట్లో పెట్టిన పేరు. వాళ్లకి మాటలే దొరకవు, ఛాతీలో బిగువుకీ భయానికీ తేడా తెలియదు. దాన్ని కొలవడానికి 20 ప్రశ్నల టొరంటో స్కేల్ వాడతారు, 61 అంతకు మించి వస్తే ఉన్నట్టు లెక్క. మీరు రెండో వారం చివరికి కూడా ఒంటి గడుల్లో "తెలియట్లేదు" తప్ప రాయలేకపోతే అది చేయించుకోండి.

మందులు వాడుతున్నారా అన్నది మీరు రాయలేదు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు వాడేవాళ్లలో కొందరికి సంతోషం, దుఃఖం రెండూ మొద్దుబారతాయి. అలా అయితే సొంతంగా ఆపకుండా రాసిన డాక్టరుకే చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. చుట్టూ ఉన్నదంతా గాజు అద్దం వెనక జరుగుతున్నట్టు అనిపించినా, తాగుడు పెరిగినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ నోటుపుస్తకం పక్కన పెట్టి సైకియాట్రిస్టుని కలవాలి. ఇండియాలో ఉంటే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తీరని దుఃఖాన్ని జబ్బుగా లెక్కకట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల జాబితా ఐసీడీ-11 ఆరు నెలలు దాటాలంటుంది, అమెరికా సైకియాట్రిస్టుల 2022 మాన్యువల్ డీఎస్ఎం పెద్దవాళ్లకి పన్నెండు నెలలంటుంది. రెంటిలోనూ గుర్తు ఏడవకపోవడం కాదు. దాదాపు రోజూ మనిషి కోసం తపించిపోవడం లేదా ఆలోచనంతా ఆయన చుట్టూనే తిరగడం, దానివల్ల రోజువారీ బతుకు ఆగిపోవడం.

థెరపిస్టు దగ్గరికి వెళితే మొదటి రోజే చెప్పేయండి: "నేను విశ్లేషణలోకి జారిపోతాను, జారినప్పుడు ఆపండి." చెప్పకపోతే మీలాంటి క్లయింటుతో ఆరు సెషన్లు హాయిగా, తెలివైన కబుర్లతో గడిచిపోతాయి. సీబీటీలో (ఆలోచనలని పరీక్షించి మార్చుకునే థెరపీలో) ఇచ్చే కాగితాలు మీరు అద్భుతంగా నింపుతారు, అందుకే అవి మీకు తక్కువ పనిచేయొచ్చు. ఒంటి మీద, దృశ్యం మీద పనిచేసేవాళ్లెవరో అడిగి తెలుసుకోండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

చివరగా ఒక పని, పద్ధతితో సంబంధం లేనిది. మరో నాలుగు నెలల్లో సంవత్సరీకం వస్తుంది. మీ లెక్క ప్రకారం ఈపాటికే వంటవాళ్లు, టెంటు, బంధువుల జాబితా, పురోహితుడి ఫోన్ నంబరు ఒక షీటులో ఉండే ఉంటాయి. ఆ షీటు తమ్ముడికో బావమరిదికో ఇప్పుడే ఇచ్చేయండి, ఆ రోజు ఫోన్ కూడా వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. భోజనాలకి ఎంతమంది వచ్చారో మీకు తెలియకపోయినా ఏం కాదు. పిండాలు పెట్టేటప్పుడు చేతులు ఎలా ఉన్నాయో మాత్రం చూసుకోండి.